ఆరో పాఠం

"సోమశిల పిచ్చయ్య పేరు తీసేస్తన్నానే" అంది ఫోన్లో దివ్యశ్రీ.

చైత్ర చేతిలో కాఫీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

ఇద్దరిదీ వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగమే. దివ్యశ్రీ నెల్లూరులో, చైత్ర ఆత్మకూరులో తన మేడగదిలో కూర్చుని చేస్తారు. ఆ పనిని నలుగురికీ నేర్పాలని తెలుగులో పాఠాలు రాసి నెట్‌లో పెట్టారు. ఎవరైనా చదువుకోవచ్చు. పాఠం చివర ఇచ్చిన అభ్యాసం సరిగ్గా చేసి పంపితే సైటే పచ్చ టిక్కు పెట్టి తరువాతి పాఠం తెరుస్తుంది. తప్పు చేసినవాళ్ళకు మాత్రం ఎక్కడ తప్పిందో చైత్ర స్వయంగా జాబు రాస్తుంది.

వచ్చే సోమవారం నుంచి ఆ జాబులు కూడా మిషనే రాసేలా దివ్యశ్రీ ఏర్పాటు చేసింది. ఒకే పాఠం మూడుసార్లు తప్పినవాళ్ళ పేరు అది కొట్టేస్తుంది. పిచ్చయ్య ఆరో పాఠం పదకొండు నెలలుగా తప్పుతున్నాడు.

"రెండు వందల సార్లు దాటింది. ఒకటే తప్పు. పేజీ రాతలో తెరిచిన గుర్తును మూసే ముగింపు గుర్తు పెట్టడు. ఆయనకు రాదే చైత్రా. నీ పొద్దంతా ఆయనకే పెడతావు ఎందుకు?"

"సోమవారం దాకా ఆగు. నేను పోయి పక్కన కూర్చుని చేయిస్తాను."

ముఖం కూడా చూడని మనిషి కోసం బస్సెక్కి పోతావా అని దివ్యశ్రీ నవ్వింది. చైత్ర ఫోను పెట్టేసింది. ఆఫీసు వీడియో మీటింగుల్లో ఆమె తెర మీద ఒక మూలన ఉండే చిన్న నల్లగడి. కింది వాటాలోవాళ్ళు ఖాళీ చేసి పోయి ఏడాదయింది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆమెను పేరుపెట్టి పిలిచేది ఆ పిచ్చయ్య జాబు ఒక్కటే. తప్పు చేసిన అభ్యాసం కింద రోజూ ఒక వాక్యం ఉంటుంది: చైత్రమ్మా, మీ వైపు మబ్బు పట్టిందా? చైత్రమ్మా, అన్నం తిన్నావా? తప్పు దిద్ది, తిన్నానని రాయడానికి ఆమెకు గంట పడుతుంది.

ఆయన పాసయితే తరువాతి పాఠాలకు మిషనే రాస్తుంది, ఆ జాబులు ఉండవు. పాసు కాకపోతే పేరే ఉండదు. రెండోది ఇంకా పాపం అనిపించి ఆదివారం సోమశిల బస్సెక్కింది.

డ్యాం కట్టినప్పుడు ఊళ్ళు పోయినవాళ్ళకు ఇచ్చిన కాలనీలో, చివరి వరసలో ఉంది ఇల్లు. పిచ్చయ్యకు అరవై దాటాయి. ఒక కాలేజీ కంప్యూటర్ గదిలో అటెండరుగా చేసి రిటైరయ్యాడట, అక్కడ పక్కన పడేసిన కంప్యూటరే ఇప్పుడు ఆయన మంచం పక్కన స్టూలు మీద ఉంది. ఆమెను చూసి తువ్వాలుతో కుర్చీ రెండుసార్లు తుడిచాడు.

చైత్ర సోమవారం సంగతి చెప్పింది.

"అయితే ఇంక నువ్వు రాయవా?" అన్నాడాయన.

"మిషను రాస్తాది. నాకంటే తొందరగానే రాస్తాది."

ఆమె ఆరో పాఠం తెరిచి, ముగింపు గుర్తు ఎక్కడ పెట్టాలో వేలుపెట్టి చూపించింది. ఆయన బడిపిల్లాడిలా తలాడించాడు. చేయమంటే మళ్ళీ అదే తప్పు చేశాడు. ఇంకోసారి చూపించింది. ఇంకోసారి తప్పాడు. తిరిగి పోయే నాలుగింటి బస్సు గుర్తొచ్చి ఆమె ఫోనులో టైము చూసుకుంది. ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తెస్తానుండమని ఆయన లోపలికి పోయాడు.

ఏం చేయాలో తోచక చైత్ర మౌస్ కదిపింది. పాఠం వెనక ఇంకో పేజీ తెరిచి ఉంది.

అది ఒక ఊరు. డ్యాం నీళ్ళ కింద పోయిన పిచ్చయ్య ఊరి పటం. వీధులు, వీధుల్లో ఇళ్ళు, చర్చి, బావి. ఒక ఇంటి మీద నొక్కితే ఆ ఇంటివాళ్ళ పేర్లు, ఇప్పుడు ఎక్కడ ఉన్నారో వచ్చింది. సైమన్ కుటుంబం, కలిగిరి. రెబెకమ్మ, వింజమూరులో కూతురి దగ్గర. కొన్ని ఇళ్ళ మీద నొక్కితే 'తెలియలేదు' అని ఉంది. ఇరవయ్యో పాఠం దాటినా రాని పనితనం అది. చైత్ర దాని వెనక రాతలన్నీ తెరిచి కిందిదాకా చూసింది. ఒక్క ముగింపు గుర్తు కూడా తప్పిపోలేదు.

తలెత్తేసరికి పిచ్చయ్య మజ్జిగ గ్లాసుతో గడపలో నిలబడి ఉన్నాడు.

"ఇది ఎవురు చేసినారు?"

"నేనే తల్లీ. మిగతాది కాలేజీ పిల్లకాయల దగ్గర నేర్చుకున్నా."

"మరి ఆరో పాఠం?"

ఆయన గ్లాసు ఆమె ముందు పెట్టాడు.

"నాలుగు పాఠాలు తప్పులతో పంపితే నువ్వు రాస్తివి. అయిదోది ఒక్క తప్పు లేకుండా పంపినా. మెచ్చుకుంటా రాస్తావేమోనని వారం రోజులు చూసినా. పచ్చ టిక్కొకటి వచ్చినాది గానీ నీ జాబు రాలా."

ఆయనే కుర్చీ లాక్కుని, ఊరికే నీకు శ్రమ ఇచ్చినానమ్మా, ఈ పొద్దుతో కానిచ్చేస్తాను అంటూ ఆరో పాఠం తెరిచాడు. నిమిషంలో రాసేశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పంపే బటను నువ్వే నొక్కమని పక్కకు జరిగాడు.

అప్పుడే చైత్ర ఫోను మోగింది. దివ్యశ్రీ. ఆయనకు వచ్చినాదా, మిషను పెట్టేయనా అని అడిగింది.

"రాలేదే" అంది చైత్ర, చివరి ముగింపు గుర్తును చెరిపి బటను నొక్కుతూ. "నీ మిషను పక్కన పెట్టు. ఈయనకింకా చానా రోజులు నేనే రాయాల."