మాట్లాడనివాళ్లే ముందు

"వానకి గట్టు తెగి నీళ్లు కలిసుంటాయి. ఇంక లేవండి," అంటూ పాండురంగారావు కుర్చీలోంచి లేచాడు.

"కూర్చోండి బాబుగారూ. ఇంకా అవలేదండి," అంది జాయ్సీ.

పంచాయతీ ఆఫీసు వరండాలో గుసగుసలు ఆగిపోయాయి. పాండురంగారావు ఆ కొల్లేటి ఊరికి సర్పంచ్ కాదు, సర్పంచ్ గారి భర్త. ఊళ్లో అంతకంటే పెద్ద పదవి లేదు. ఆయన లేస్తే మిగతావాళ్లు లేవడమే తప్ప, ఆయన్ని కూర్చోమన్నవాళ్లు ఇంతవరకూ లేరు. అన్నది కూడా ఎవరు? ఆయన చేపల చెరువు కాపలా ఏలీయా కూతురు. ఏలూరులో డిగ్రీ చదువుతూ, నీళ్ల గురించి ఏదో అంతర్జాతీయ యువజన సదస్సు జరిగితే బ్యాంకాక్ వెళ్లి, పోయినవారమే తిరిగొచ్చిన పిల్ల. వెళ్లకముందు, చర్చిలో వాక్యం చదవమంటే వాళ్లమ్మ వెనక దాక్కునేది.

"పదకొండుమంది పిల్లలు వాంతులతో ఏలూరు ఆస్పత్రిలో ఉన్నారండి. మన మంచినీళ్ల చెరువులో చేపల చెరువు నీళ్లు ఎలా కలిశాయో తేలాలి. రేపు కలెక్టరాఫీసులో ఇచ్చే అర్జీలో అది రాయాలి."

"వాన అని రాసెయ్."

"వాన పడి నెలయిందండి."

ఎవరో కిసుక్కుమని నవ్వి, దగ్గుతో కప్పేసుకున్నారు. పాండురంగారావు కూర్చున్నాడు.

"బ్యాంకాక్ వెళ్లొస్తే ఇంత నోరొస్తుందేంటే? మేమూ వెళ్లాం మూడుసార్లు," అన్నాడు పక్క చెరువు ఆసామి పాపారావు.

"తమరెళ్లింది సదస్సుకి కాదు లెండి," అంది గుమ్మం దగ్గర నుంచున్న అచ్చమ్మ.

ఈసారి నవ్వు దాచుకోవడం ఎవరివల్లా కాలేదు. పాపారావు ఫోన్లో ఏదో అర్జెంటు పని వెతుక్కున్నాడు.

"అక్కడో పద్ధతి ఉందండి," అంది జాయ్సీ. "అప్పటిదాకా నోరు విప్పనివాళ్లు ముందు మాట్లాడాలి. మాట్లాడ్డం అలవాటైనవాళ్లు ఆఖర్న. నలభై దేశాలవాళ్ల ముందు నన్నలాగే లేపారు. చచ్చేంత భయమేసింది. అయినా మాట్లాడాను. ఇవాళ ఇక్కడా అలాగే చేద్దాం."

"ఇది బ్యాంకాక్ కాదు," అన్నాడు పాండురంగారావు.

"కాదండి. అక్కడ అందరూ ఒకే నీళ్లు తాగారు. ఇక్కడ తమరు టిన్నులు తెప్పించుకుంటారు. మేం ఆ చెరువు నీళ్లే తాగుతాం."



ఆ వరండాలో కుర్చీలు చెరువుల ఆసాములకి. పనిచేసేవాళ్లకి గోడ. గోడవార నుంచున్నవాళ్లు చెయ్యాల్సిందల్లా ఆఖర్న "ఆయ్, అంతేనండి" అనడం. జాయ్సీ కుర్చీలకి వీపు పెట్టి గోడవైపు తిరిగింది. కుర్చీల్లో ఒకరిద్దరికి ఒళ్లు మండింది.

అచ్చమ్మ మొదలుపెట్టింది. "నీళ్లు నీచు వాసనేశాయమ్మా. కాచే పట్టాను. అయినా మనవడికి వాంతులు ఆగలేదు. సెలైను పెట్టారు." కొంగుతో ముక్కు తుడుచుకుంది.

తరవాత చేపలు లారీకెత్తే సత్యవేదం గొంతు సవరించుకున్నాడు. "పోయినవారం ఊళ్లో నీళ్లు తోడింది ఒక్క చెరువులోనేనండి. చేపల పట్టుబడికని ఇంజను పెట్టారు. ఎవరి చెరువో నేను చెప్పక్కర్లేదు."

అందరూ పాండురంగారావు వైపు చూశారు.

"నా నీళ్లు డ్రెయిన్లోకి పోయాయి," అన్నాడాయన. "కాదనడానికి చూసినోడెవడున్నాడు?"

ఉన్నాడు. గోడకి ఆ చివర, తల దించుకుని. ఆ చెరువు గట్టు మీద రాత్రీపగలూ ఉండేది ఏలీయానే.

"నాన్నా, ముందుకి రా. ఏం జరిగిందో చెప్పు."

"నాకేం తెలీదమ్మా."

"ఏలీయా," పాండురంగారావు చిన్నగా పిలిచాడు. "రేపట్నించి పన్లోకి రావాలనుందా?"

"ఉందండి."

"మరి ఇంటికెళ్లు."

ఏలీయా కదిలాడు. జాయ్సీ దారికి అడ్డం నుంచుంది.

"పని పోతే పోనీ నాన్నా. పొద్దున కాలేజీ, సాయంత్రం ఏదో ఒక పని చూసుకుంటాను. పస్తులుండం. ఆ పిల్లలకి ఇంకో చెరువుందా?"

"ఇంటి దగ్గర మాట్లాడుకుందాం."

"ఇంటి దగ్గర కాదు. ఇక్కడే, అందరి ముందూ."

"నా మాట విను తల్లీ. ఒగ్గెయ్."

"ఒగ్గను. ఎంత పెద్దవాళ్లయినా సరే, పేరు రాస్తాను. నిన్నొక్కణ్నీ నిలబెట్టను, పక్కన నేనుంటాను. అక్కడ నేర్చుకున్నది ఇదొక్కటే నాన్నా. ఇది కూడా చెయ్యకపోతే నేనెందుకెళ్లినట్టు?"

ఏలీయా తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు. ముప్ఫయ్యేళ్లలో ఆ వరండాలో "అంతేనండి" తప్ప ఆ మనిషి గొంతులో మరో మాట ఎవరూ వినలేదు.

"బాబుగారు కలపమన్లేదండి," అన్నాడు. "డ్రెయిన్లో పెట్టిన పైపు జారి మంచినీళ్ల కాలవలో పడింది. చూసి ఆపడానికి ఇంజను దగ్గర మనిషి లేడు. పూటంతా అలాగే ఆడింది."

పాండురంగారావు నోరు తెరుచుకుని వింటున్నాడు.

జాయ్సీ అర్జీ కాగితం గోడకి ఆనించి పెన్ను తెరిచింది. "ఆ మనిషెవరు? ఇంజను వదిలేసి ఎక్కడికెళ్లాడు? పేరు చెప్పు నాన్నా, రాస్తాను."

"నేనేనమ్మా. నువ్వు విమానం దిగుతున్నావని గన్నవరం వచ్చాను."