కింద పడ్డ పెన్ను

డాక్టరు బల్ల మీది పెన్నును మోచేత్తో కిందికి తోశాడు.

“అరెరే, పడిపోయింది. కాస్త అందుకోండి,” అన్నాడు ఎదుటి కుర్చీలోని గుమాస్తాతో.

నడుం నొప్పని అంతసేపూ మూలిగిన గుమాస్తా టక్కున వంగి పెన్ను తీసిచ్చాడు. ఇచ్చాక నాలుక కరుచుకున్నాడు. వారం సెలవు కోసం వచ్చిన పెద్దమనిషి, డ్యూటీకి పనికొస్తాడన్న కాగితం పట్టుకుని ముఖం వేలాడేసుకుని వెళ్లాడు.

ఆయన్ని ఊళ్లో ‘ఫిట్టు డాక్టరు’ అంటారు. మేనల్లుడి పెళ్లికి జ్వరం, మరదలి గృహప్రవేశానికి విరేచనాలు తెచ్చుకునే జనాన్ని ఇరవై ఏళ్లుగా చూసి, నొప్పి అన్న మాట వింటేనే ఆయన పెదవి విరిచేవాడు. స్టెతస్కోపు మెడలో అలంకారంగా వేలాడేది. పనంతా పెన్నే చేసేది. మేనేజర్లకు ఆయన సంతకమంటే మహా గురి. ఆయనకైతే తన మీద తనకు అంతకు మించిన గురి.

తర్వాత వచ్చినవాడు స్కూలు బస్సు డ్రైవరు. భార్య అతన్ని చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తెచ్చి, తను బయట బెంచీ మీద కూర్చుంది. డ్రైవరు “అమ్మో, నా నడుమో!” అంటూ గోడ పట్టుకుని, బల్ల పట్టుకుని, చివరికి కుర్చీ పట్టుకుని కూలబడ్డాడు.

“ఎన్ని రోజులు కావాలేం?” అన్నాడు డాక్టరు వెటకారంగా.

“పది రోజులు రాయండి సార్. నడుం పట్టేసి స్టీరింగు తిప్పలేక మొన్న బస్సును గేటుకు గుద్దేశాను. డాక్టరు కాగితం ఏదో ఒకటి తెస్తేనే ఉద్యోగమంటున్నాడు మేనేజరు. ఇద్దరు పిల్లలు సార్. పని ఊడితే రోడ్డున పడతాం.”

పెన్ను కింద పడింది.

డ్రైవరు చటుక్కున వంగాడు. వంగి నేలంతా తడుముతున్నాడు.

“అటు కాదన్నయ్యా, మీ కుడికాలి పక్కనే,” అంది డాక్టరు పక్కన నిలబడ్డ నర్సు.

చివరికి దొరకబుచ్చుకుని లేచాడు. ఒక్క మూలుగైనా లేదు.

“చూశావా, దొరికిపోయానని తెలిసేసరికి చేతులెలా తడబడుతున్నాయో!” అన్నాడు డాక్టరు నర్సుతో.

“ఒకసారి పూర్తిగా పరీక్ష చేస్తే బాగుంటుందేమో సార్.”

“నడుం వంగింది, చూశాను. ఇంకేం చూడాలి? నువ్వు నాకు వైద్యం నేర్పకు.”

డాక్టరు గీకి పారేశాడు: ‘ఏ జబ్బూ లేదు. సంపూర్ణ ఆరోగ్యం. ఈ రోజు నుంచే బస్సు నడపవచ్చు.’ కింద ముద్ర ఠపీమని కొట్టాడు.

“కనికరించండి సార్,” అని బతిమాలాడు డ్రైవరు.

డాక్టరు మాట్లాడకుండా తలుపు వైపు వేలు చూపించాడు. డ్రైవరు కదల్లేదు. ఎంత మొండిఘటం, అనుకున్నాడు డాక్టరు. నర్సే రెక్క పట్టుకుని గుమ్మం దాటించింది.

బెంచీ దగ్గర డ్రైవరు నడుం నిటారుగా నిలిపి, కాగితం భార్యకు అందించి, గొంతు తగ్గించి అడిగాడు: “నువ్వే చదివి చెప్పవే, నాకు కళ్లు కనబడవని ఎక్కడా రాయలేదు కదా?”