తోటలో చోటు దొరికింది

“అమ్మా, నన్ను తీసుకున్నారు! మా బడి మొత్తానికి నన్నొక్కదాన్నే!”

కూతురు పరుగున వచ్చి కూరగాయల బండికి గుద్దుకుంది. రెండు టమాటాలు రోడ్డు మీదికి దొర్లాయి. తల్లికి వాటి ధ్యాసే లేదు. చేతిలో తడి పాలకూర కట్ట ఉండగానే పిల్లను దగ్గరికి లాక్కుంది. పిల్ల చెంపంతా తడిసింది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

బజారు చివర పెద్ద భవనం మేడ మీద ఒక తోట ఉంది. పై తరగతుల పిల్లలకు సెలవుల్లో అక్కడ ఇంటర్న్‌షిప్ ఇస్తారు. అది పూర్తిచేస్తే వ్యవసాయ కళాశాలలో సీటు దొరికినట్టే. కూతురికి ఆ చదువంటే ప్రాణం.

“పని చేయించుకుని కూలి ఇవ్వరటగా?” పక్క బండి పండ్లామె దీర్ఘం తీసింది.

“సర్టిఫికెట్ ఇస్తారత్తా.”

“దాన్ని ఉడకబెట్టుకుని తింటావా?”

“నీ కుళ్లిన ద్రాక్ష కంటే రుచిగానే ఉంటుందిలే,” అంది తల్లి. ఆ పూట బేరానికి వచ్చిన వాళ్లందరికీ, అడక్కపోయినా, గుప్పెడు కొత్తిమీర కొసరు వేసింది.

సాయంత్రం తోట మేడమ్ స్వయంగా వచ్చింది. తలకి వెడల్పాటి టోపీ, కాళ్లకి మట్టి అంటని బూట్లు.

“మీ అమ్మాయి భలే చురుకండీ! ఈ పేటలో కూరగాయలకి జనం ఎక్కడికి ఎక్కువ వస్తారని అందరినీ అడిగాం. మిగతా పిల్లలు నీళ్లు నమిలారు. ఈ అమ్మాయి తడుముకోకుండా, ‘మా అమ్మ బండి దగ్గరికి’ అంది. ఆ ఒక్క మాటకే తీసేసుకున్నాం.”

తల్లి ముఖం చాటంత అయింది.

“అందుకే స్టాల్ ఇక్కడే పెడుతున్నాం. రేపట్నుంచి రోజూ పొద్దున్నే మా తోటలో పండినవన్నీ పేటకి పంచుతాం. పూర్తిగా ఉచితం. పంచేది మీ అమ్మాయే!”

మేడమ్ పిల్ల భుజం తట్టి వెళ్లిపోయింది. తల్లీకూతుళ్లకి కూడు పెట్టేది ఆ బండి ఒక్కటే అని పండ్లామెకీ తెలుసు.

కూతురు తల్లి కొంగు పట్టుకుంది. “నేను వెళ్లనమ్మా. నీ పొట్ట నేనే కొట్టాలా?”

“నోర్ముయ్. నువ్వు మానేస్తే స్టాల్ ఆగుతుందా? ఇంకొకరి పిల్ల పంచుతుంది. చదువు పోయేది మాత్రం నీకే.”

“మరి నువ్వేం చేస్తావు?”

తల్లి మిగిలిన వంకాయలను బుట్టలోకి ఎత్తింది. బండి మీద పట్టా కప్పి, చక్రాన్ని స్తంభానికి తాడుతో బిగించి కట్టింది. చేతులు దులుపుకుంది.

“రేపు నీతోపాటే నన్నూ లేపు. ఉత్తగా ఇస్తున్నారంటే జనం విరగబడతారు. మీ లైన్లో అందరికంటే ముందు నేనే నిలబడాలి.”