కిటికీలో నాటకం

“చంపేస్తాడే ఆ పిల్లని! ఇవాళ వదలడు.” మామ్మ మెట్టు మీంచి లేవబోయింది.

“కూర్చో మామ్మా, నాటకమే కదా!” ఇస్త్రీ చేసే ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. “పోయిన వారమూ ఇలాగే అన్నావు. ఆ పిల్ల చక్కగా లేచి పాట కూడా పాడింది.”

సందులో అందరూ నవ్వారు.

ఆడవాళ్ల మీద పడే దెబ్బల గురించి వారం వారం వచ్చే నాటకం అది. సందుకో శ్రోతల సంఘం పెట్టి, సంఘానికో పెద్ద రేడియో ఇచ్చారు స్టేషన్ వాళ్లు. ఇక్కడ అది దర్జీకి దక్కింది. “ఆడదాని మీద చెయ్యెత్తేవాడు మనిషేనా?” అని మీటింగులో చప్పట్లు కొట్టించుకున్నది అతనే మరి. నాటకం వేళకి స్పీకరు కిటికీలో పెట్టి, సందు చివరిదాకా వినపడేలా పెంచి, తలుపు వేసుకుంటాడు. నాటకం వింటే అతని భార్యకి ఏడుపు ఆగదట. పదిమంది చూస్తే సిగ్గుట.

“ఎక్కడికే బయల్దేరావు?” రేడియోలో మొగుడు గద్దించాడు. ధబ్బుమని చప్పుడు. “అమ్మా!” అని కేక.

తను అత్తారిళ్లకి సాగనంపిన ఆడపిల్లలందరూ ఆ ఒక్క కేకలో మామ్మకి గుర్తొచ్చారు.

“అదేం దెబ్బరా నాయనా!”

“దిండుని కర్రతో బాదుతారు మామ్మా, అంతే,” అన్నాడు పాలు పోసే అతను. “ఆ కేక వేసినమ్మాయికి మాత్రం బహుమతి ఇవ్వాలి. నటనంటే అదీ!”

“గుమ్మం దాకా వచ్చింది. గడియ తీస్తే బయటపడుతుంది. తియ్యవే తల్లీ!” మామ్మ చేతులు నలుపుకుంది. “ఒక్కళ్లూ తలుపు కొట్టరేం? చుట్టుపక్కల అందరూ చచ్చారా?”

“రాసినవాణ్ణి అడుగు. పై వారం కొట్టిస్తాడేమో!”

మళ్లీ నవ్వులు. మళ్లీ కేక, ఇంకా గట్టిగా.

అంతలో కరెంటు పోయింది. వీధి దీపాలు, ఇస్త్రీ కొట్టులో ఫ్యాను, కిటికీలో స్పీకరు, అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

“సరిగ్గా ఇప్పుడే పోవాలా!” పాలతను విసుక్కున్నాడు.

“అయ్యో, ఆ పిల్ల బతికిందో లేదో…” అంది మామ్మ.

కిటికీ వెనక కేకలు మాత్రం ఆగలేదు.