ఆఖరి పెట్టె బ్రేకు

వాసర్ లోయలో దుంగలు మోసిన మా సన్నపట్టాల ఆవిరి బండి ఇప్పుడు టూరిస్టులను మోస్తోంది. వాలులో దాన్ని ఇంజను బ్రేకు ఒక్కటే ఆపలేదు. అందుకే ఆఖరి పెట్టెలో ఒక మనిషి ఉండేవాడు. ఇంజను ఒక కూత వేస్తే చేతిచక్రం తిప్పి బ్రేకు బిగించేవాడు, రెండు వేస్తే వదిలేవాడు. ఆ పని చేసే తొదేర్ బాబాయ్ చలికాలంలో చనిపోయాడు. ఆయన చోట ఇంకొకణ్ణి వెయ్యమని ఎంత మొత్తుకున్నా కంపెనీకి చెవులు లేవు.

ఆ రాత్రి వాన వెలిశాక దిగువకు వస్తుంటే బండి జారడం మొదలుపెట్టింది. పెట్టెల నిండా జనం. ముందు మలుపు, దాని కింద ఏరు. డ్రైవరు గవ్రిల్ అలవాటు కొద్దీ ఒక కూత వేశాడు.

"ఎవడున్నాడని కూస్తున్నావన్నా!" అని ఇంజను పొయ్యిలో కట్టెలు వేస్తూ అరిచాను.

వెనక ఇనుము కీచుమంది. బండి ఆగింది.

గవ్రిల్ నా మొహం చూసి రెండు కూతలు వేశాడు. బ్రేకు వదల్లేదు. మళ్ళీ వేశాడు. ఏటి చప్పుడు తప్ప ఏమీ లేదు.

కింది స్టేషను నుంచి కంపెనీ మేనేజరు వాకీటాకీలో అందుకున్నాడు. "మళ్ళీ ఏం సమ్మెరా మీది? ఇక్కడ టూరిస్టుల భోజనాలు చల్లారిపోతున్నాయి, లాక్కురండి!"

లాంతరు పట్టుకుని వెనక్కి నడిచాను. ఆఖరి పెట్టెలో బ్రేకు దగ్గర ఎవరూ లేరు. చక్రం మాత్రం వెచ్చగా ఉంది. రెండు చేతులా లాగినా కదల్లేదు. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

"మేం అడిగాం బాబాయ్! నీ చోట మనిషిని ఇమ్మని అడుగుతూనే ఉన్నాం. వాళ్ళు ఇవ్వలేదు."

నా చేతుల్లో చక్రం తిరిగింది. ఇంకాస్త బిగిసింది.