నేర్చుకున్నాను బటన్

“ఈ మనిషి ఇవాళ కూడా నొక్కలేదు,” అన్నాడు ప్రోగ్రామరు, కుర్చీని ఆమె బల్ల దాకా దొర్లించుకొచ్చి.

“బటన్ కనబడటం లేదేమో.”

“అరచేయంత చేశారు మేడమ్. ఇంకా పెంచితే స్క్రీన్ నిండా అదే ఉంటుంది.”

ఆఫీసులో ఆమెను అందరూ గైడమ్మ అంటారు. పసిపిల్లల తల్లిదండ్రుల కోసం వాళ్లు తయారుచేసిన యాప్‌లో, కొత్తవాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించే భాగమంతా ఆమెదే. పాలు పట్టిన వేళ, నిద్ర, బరువు, టీకాలు ఎక్కడ రాయాలో బాణం గుర్తులు చూపిస్తాయి. అయినా జనం తికమకపడుతుంటే ఆమె ఒక ఉపాయం చేసింది. యాప్ తెరవగానే ముందు ఒక ఉత్తుత్తి బిడ్డ వస్తుంది. పేరు చిన్ని. వేళకు ఆకలేస్తుంది, ఏడుస్తుంది, బాణం చూపిన చోట నొక్కితే ఊరుకుంటుంది. అంతా చేతికొచ్చాక ‘నేర్చుకున్నాను’ అని నొక్కాలి. చిన్ని వెళ్లిపోతుంది. అసలు బిడ్డ పేరు రాయమని గడి వస్తుంది.

అందరూ నాలుగైదు రోజుల్లో నొక్కేస్తారు. ఈ ఒక్కరు మాత్రం నెలల తరబడి నొక్కడం లేదు. ఎవరో తెలియదు. ఆఫీసుకు కనిపించేది ఒక నంబరే.

“బుర్ర తక్కువేమో అనుకుందామా అంటే అదీ కాదు,” అన్నాడు ప్రోగ్రామరు. “ఒక్క పాల వేళ తప్పలేదు. టీకాలన్నీ వేయించేశారు. మా పాపను నేను ఇంత బాగా చూసుకుంటే మా ఆవిడ నన్ను నెత్తిన పెట్టుకునేది.”

పక్క బల్లల వాళ్లు నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. తను నేర్పడంలోనే ఏదో లోటుందని మనసు పీకుతోంది.

ఇంతలో మేనేజరు వచ్చి నిలబడ్డాడు. “బొమ్మతో ఆడుకునేవాళ్ల కోసం మనం యాప్ పెట్టలేదమ్మా. వారం దాటితే చిన్ని దానంతటదే వెళ్లిపోవాలి. ఇవాళే మార్చెయ్.”

“పాపం, ఆ ఒక్కరు...”

“పని రాగానే నేర్పినవాళ్లు పక్కకు తప్పుకోవాలని నువ్వే కదా అంటుంటావు?”



చిన్ని అన్న పేరు ఎక్కడిదని ఆఫీసులో ఎవరూ అడగలేదు. ఆమెకు ఏడో నెల ఉన్నప్పుడు ఆ ఉత్తుత్తి బిడ్డను తయారుచేసింది. కడుపులో ఉన్న బిడ్డను ఇంట్లో ఇద్దరూ ఏమని పిలుచుకునేవారో అదే రాసేసింది. ఆ తర్వాత ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో ఇల్లు చేరాక, పేరు మార్చడానికి చేతులు రాలేదు.

మొదటి పరీక్ష భర్త మీదే చేసింది. అతనికి కళ్లద్దాల షాపు ఉంది. కంటికి ఆనని మరలు బిగించే వేళ్లు ఫోన్ మీద మాత్రం మొద్దుబారిపోయేవి. పాలు రాయాల్సిన చోట టీకా రాసేవాడు. “నీకొస్తే లోకంలో అందరికీ వచ్చినట్టే,” అని ఆమె కడుపు పట్టుకుని నవ్వేది.

ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. బిడ్డ పోయిన మర్నాడే అతను ఉయ్యాల కొన్నచోట తిరిగి ఇచ్చేశాడు. మధ్యాహ్నానికల్లా షాపు తెరిచాడు. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఆమె ఏడుస్తుంటే మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయేవాడు. పైగా ఎప్పుడు చూసినా ఆ ఫోనే. అన్నం మధ్యలో లేచి దాన్ని తీసుకుని పెరట్లోకి పోతాడు. ఏమిటంటే షాపు పని అంటాడు.

“షాపు పనీ కాదు, పాడూ కాదే పిచ్చిమొహమా. ఇంకెవరో ఉన్నారు,” అంది అక్క ఫోన్‌లో. “రేపు వచ్చి తీసుకెళ్తాను. బట్టలు సర్దుకో.”

“నా ముందు ఒక్కసారి ఏడిస్తే ఉండిపోతానక్కా. పోయింది మా ఇద్దరి బిడ్డ అని తెలిస్తే చాలు.”

“రాళ్లు ఏడుస్తాయటే?”

ఫోన్ పెట్టేసి ఆమె స్క్రీన్ వైపు తిరిగింది. చిన్ని బొమ్మ కళ్లు మూసుకుని నిద్రపోతోంది. కాసేపు దాన్నే చూసి, మార్పు చేసేసింది.

“హమ్మయ్య,” అన్నాడు ప్రోగ్రామరు. “ఆ మనిషికీ విముక్తి.”

“రేపట్నుంచి సొంత బిడ్డను చూసుకుంటారులే,” అంది ఆమె.

సాయంత్రం ఇంటికి వెళ్లి పెట్టె సర్దింది. భోజనం దగ్గర అతను అన్నం కెలుకుతూ గోడ గడియారం చూశాడు. కంచం పక్కనున్న ఫోన్ చూశాడు. మళ్లీ గడియారం చూశాడు.

“ఇవాళ షాపు పని పిలవలేదేం?” అంది ఆమె.

అతను ఎడమ చేత్తో ఫోన్ తీసుకుని లేచాడు.

“రేపు అక్క వస్తోంది. నేను వెళ్లిపోతున్నాను,” అంది వెనక నుంచి. అతను గుమ్మం దాటేశాడు. విన్నాడో లేదో తెలియలేదు.

ఆమె కంచాలు తీసింది. పెట్టె తెచ్చి ముందు గదిలో పెట్టింది. ఎంతకీ అతను లోపలికి రాలేదు. వచ్చాక కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కుడి చేతికి ఎంగిలి అలాగే ఎండిపోయి ఉంది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

విన్నాడన్నమాట. ఆమె గుండె కరిగిపోయింది. ఇన్నాళ్లకు ఏడ్చాడు, తన కోసమైనా ఏడ్చాడు. పెట్టెను కాలితో పక్కకు నెట్టి దగ్గరికి వెళ్లింది.

“ఊరుకో. వెళ్లనులే,” అంది.

అతను తల అడ్డంగా ఊపి, ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

“చిన్ని కనిపించడం లేదు.”