మిషన్ చదవని వరుస

తాహేరా ఆ రోజు కాగితాన్ని కావాలనే తలకిందులుగా ఇచ్చింది.

ఏసోబు సారు అందుకుని, కిటికీ వెలుతురుకు పట్టి చూసి, తలాడించాడు.

"మంచిగ రాసినవ్ బిడ్డా. ఇగ గట్టిగ సదువు."

పక్కనున్న స్నేహితురాలు అండాలు నవ్వు ఆపుకోలేక ఓణీ కొంగు నోట్లో కుక్కుకుంది.

అది తొంభై రెండో సంవత్సరం. జడ్చర్లలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది ఆయనొక్కడే. ఆయన దగ్గరేమో కంప్యూటరే లేదు. బట్టల దుకాణం మీద కిరాయి గది, ఒక చాప, పన్నెండు అగ్గిపెట్టెలు, డబ్బా నిండా చింతగింజలు. సరంజామా అంతే.

మొదటి అగ్గిపెట్టె ఎ, రెండోది బి. ఎ విలువ ఐదు అని ప్రోగ్రాంలో ఉంటే మొదటి పెట్టెలో ఐదు గింజలు పడతాయి. పిల్లలు ఒక్కో వరుసా పైకి చదవాలి, సారు వేళ్లతో గింజలు మారుస్తాడు. బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్పడం ఆయన దగ్గర అలాగే.

తాహేరా చదువుతుంటే మూడో వరుసకే సారు చెయ్యి ఆగింది.

"ఆడ తప్పింది. బి డబ్బ ఖాళీగున్నది. ఖాళీ డబ్బతోని భాగిస్తె మిషన్ నిలవడ్తది."

తప్పు నిజమే. దిద్దుకుంది. మనసు మాత్రం ఆ తలకిందుల కాగితం దగ్గరే ఉండిపోయింది.

సారుకు ఇంకో చాదస్తం కూడా ఉంది. ప్రతి ప్రోగ్రాంలోనూ రెమ్ అని పెట్టి, పక్కన నాలుగు తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల్లో రాయించేవాడు. రెమ్ అని ఉన్న వరుసను మిషన్ చదవదు, దాటేసి పోతుంది.

"మిషన్ సదవంది ఎందుకు సార్ రాసుడు?" అని తాహేరా ఓసారి అడిగింది.

"మన తర్వాత ఆ కుర్సిల కూసునెటోళ్లు సదువుతరు బిడ్డా."

మెట్లు దిగుతూ తాహేరా పగలబడి నవ్వింది.

"సారుకు అక్షరం ముక్క రాదే! కాయితం ఉల్టా పట్టిండు."

"కంప్యూటర్ ఎన్నడన్న చూసిండంటవా?" అంది అండాలు.

"సైన్మల చూసుంటడు."

నవ్విందే గానీ లోపల గుబులే. దర్జీ పని చేసే ఆమె తండ్రి కరీం ఆరు నెలలే గడువిచ్చాడు. అప్పటికి నౌకరీ రాకపోతే దుకాణంలో కూర్చుని కాజాలు కుట్టాలి. అప్పటికే రెండు నెలలు చింతగింజల పాలయ్యాయి.

ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి బస్టాండు దాకా పోయింది. పది రోజుల్లో చాప ఖాళీ అయ్యింది. ఆఖరున తాహేరా కూడా వెళ్లి చెప్పింది.

"రేపటిసంది రాను సార్. మహబూబ్‌నగర్ల సెంటర్ పెట్టిన్రు. ఆడ నిజం కంప్యూటర్ ఉన్నది."

సారు అగ్గిపెట్టెలను తడుముతూ ఒక వరుసలో పేర్చాడు.

"మంచిదే బిడ్డా. రెమ్ రాసుడు మాత్రం ఇడువకు."

సెంటర్లో చెప్పులు బయట విడవాలి. లోపల చల్లగా ఉంటుంది. ఒక్కో మిషన్‌కు నలుగురు, వారానికి ఒక గంట. తాహేరా మీటలు నొక్కింది తక్కువ, పక్కవాళ్ల వేళ్లు చూసింది ఎక్కువ.

అయిదో నెలలో జడ్చర్ల మందుల ఫ్యాక్టరీలో పరీక్ష పెట్టారు. గదిలో ఒక్క కంప్యూటరూ లేదు. చేతికొక ప్రోగ్రాం ఇచ్చి, దీనికి జవాబు ఎంతొస్తుందో కాగితం మీద రాయమన్నారు.

సెంటర్ పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. తాహేరా కళ్లు మూసుకుంది. మనసులోనే అగ్గిపెట్టెలు పేర్చి, గింజలు వేస్తూ పోయింది.

నౌకరీ ఆమె ఒక్కతెకే వచ్చింది.

ఆ సాయంత్రమే మిఠాయి పొట్లంతో సారు గదికి పరుగెత్తింది. సిగ్గుగానే ఉంది, అయినా తప్పయిందని చెప్పుకోవాలి. గదికి తాళం ఉంది.

"పిల్లలు రాకపాయె. చెల్లె ఇంటికి పోయిండు, అమ్రాబాద్ దిక్కు," అంది ఆ ఇంటి యజమానురాలు బక్కమ్మ. "బస్సు దాక నేనే చెయ్యి పట్టి తోల్కపోయిన."

చెయ్యి పట్టుకోవడం ఎందుకని తాహేరా అడగలేదు. ఎవరో అన్న మాట చెవిన పడి బాధతో వెళ్లాడనుకుంది. ఆ ఎవరో తనే. వచ్చే ఆదివారం అమ్రాబాద్ వెళ్దామనుకుంది. ఆదివారాలు వస్తూనే పోయాయి.

ఫ్యాక్టరీలో చేరిన మూడో నెలలో ఒక పొద్దున హాజరు పట్టీ తీసే ప్రోగ్రాం నడుమనే ఆగిపోయింది. పాత గుమాస్తా వెంకటయ్య తల పట్టుకున్నాడు.

"దాన్ని ముట్టకమ్మా. ఖరాబైతె బాగు చేసెటోడు లేడు."

"రాసినాయన ఏడి?"

"కండ్లు పొయినయ్, నౌకరి ఇడిసిండు. ఎదురుంగ మనిషున్నడని ఎరుకయ్యేది గని అక్షరం కనవడకుండె. ఎవ్వరికి చెప్పుకోకపోయేది. పోయిన నెల సచ్చిపోయిండని కబురొచ్చింది. బంగారమసోంటి మనిషి."

తాహేరా ఆయన ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని ప్రోగ్రాం తెరిచింది. అలవాటు కొద్దీ పైకి చదవడం మొదలుపెట్టింది. మొదటి వరుసే రెమ్.

"నా తర్వాత గీ కుర్సిల కూసున్న బిడ్డా, ఆగిపోతె ఫికర్ చెయ్యకు. ఏ డబ్బ ఖాళీగున్నదో ముందుగాల చూడు."

ఆమె ఒక్కో వరుసా వెతికింది. ఒక్కరోజూ పనికి రాని కొత్త కూలీ పేరు ఎదుట సున్నా ఉంది. మిషన్ దానితోనే భాగించబోయి ఆగింది. దిద్దగానే పట్టీ కదిలింది.

"శాబాస్! ఎవలు నేర్పిన్రు నీకు?" అన్నాడు వెంకటయ్య.

తాహేరా వేలు పెట్టి చూపింది; తెర మీద, మిషన్ ఎన్నడూ చదవని ఆఖరి వరుసలో, రాసినాయన పేరుంది: ఏసోబు.